చెప్పని భార్య, చెప్పిన భర్త

1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, తన ఇంట్లోనే, ఫ్రాన్సెస్ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రికి రొమ్ము తీసేశారు. అప్పటికింకా మత్తుమందు రాలేదు. ఆ ఉదయం భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఆపరేషన్ ఆ రోజేనని ఆయనకు తెలియదు. తెలియనివ్వనిది ఆమే. 1974 సెప్టెంబరు 28న అమెరికాలో బెట్టీ ఫోర్డ్‌కు అదే జబ్బుకు అదే ఆపరేషన్ జరిగింది. ఆ రోజే ఆమె భర్త, దేశాధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, వాషింగ్టన్‌లో ఒక ఆర్థిక సదస్సులో నిలబడి, కన్నీళ్లు ఆపుకోలేక, ఆ మాట దేశమంతటికీ చెప్పాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడానికి కారణం మా ఊళ్లే. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల చుట్టుపక్కల ఈ జబ్బు వచ్చిన ఇళ్లలో బర్నీ, ఫోర్డ్ ఇద్దరూ ఉంటారు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఆడమనిషి నెలల తరబడి మొగుడికి చెప్పదు. మిరప కోతలు అయిపోనీ అనుకుంటుంది, పిల్లదాని పెళ్లి కానీ అనుకుంటుంది. చెప్పిన రోజు నుంచి అంతా ఆయన చేతుల్లోకి పోతుంది. డాక్టరు గదిలోకి ఆయన పోతాడు, ఆమె బయట బెంచీ మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. "ఏమన్నారయ్యా?" అంటే, "ఏం లేదంటలే, చిన్న ఆపరేషనంట" అంటాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతోనే చేస్తారు ఈ పని. ఆ ప్రేమ ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ అడ్డమొచ్చింది అన్నదే నా ప్రశ్న.

బర్నీ కథ ముందు. ఆమె భర్త అలెగ్జాండ్ర్ దార్బ్లే ఫ్రెంచి సైనికాధికారి. విప్లవం రోజుల్లో ఇంగ్లండు చేరిన ప్రవాసి. 1793లో పెళ్లయ్యేనాటికి ఆమెకు నలభై దాటాయి. 1802లో భర్త వెంట ఫ్రాన్సు వెళ్లింది. యుద్ధం ముంచుకొచ్చి పదేళ్లు అక్కడే ఉండిపోయింది. 1810 ఆగస్టులో రొమ్ములో నొప్పి మొదలైంది. ఆమె పట్టించుకోలేదు. ముందు కలవరపడింది భర్తే. వైద్యుడికి చూపించుకోమని వెంటపడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. స్నేహితురాళ్ల చేత చెప్పించాడు. చివరికి నెపోలియన్ సైన్యానికి శస్త్రవైద్యుడైన లారే దాకా విషయం వెళ్లింది. భర్త చేయాల్సిన మొదటి పని దార్బ్లే చక్కగా చేశాడు. ఆమె వద్దన్నా వదలకుండా వైద్యం దగ్గరికి చేర్చాడు. ఈ ఆపరేషన్‌ను వివరిస్తూ ఆమె తర్వాత రాసిన ఉత్తరం గురించి మాట్లాడేవాళ్లు కత్తి దగ్గరే ఆగిపోతారు గాని, నాకు అంతకు ముందరి ఈ పోరు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆయన ఆ పోరు పెట్టకపోతే కత్తి దాకా కథ నడవదు.

ఆపరేషన్ తప్పదని తేలాక ఆమె ఒక పట్టు పట్టింది. ఆ రోజు ఆయన ఇంట్లో ఉండకూడదు. లారే దగ్గర నుంచి కబురు వచ్చేసరికి ఆమె ఇంకా మంచం మీదే ఉంది. భర్త ఆఫీసు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ చీటీని ఆమె ఎంతో పొడుగు ఉత్తరమన్నట్టు చదువుతూ, ముఖంలో ఏమీ కనపడనీయకుండా ఆలోచించుకుంది. ఆయన్ని ఏదో అత్యవసర పని మీద ఆఫీసులో నిలిపేయమని రహస్యంగా కబురు పంపింది. కొడుకునూ బయటికి పంపేసింది. వైద్యులు చెప్పిన వేళకు రాలేదు, గంటల తరబడి ఆలస్యం చేశారు. ఆ వేళంతా ఆమె గదిలో అటూ ఇటూ తిరిగింది. కట్లు, స్పాంజీలు, దూది కుప్పగా పోసి ఉన్న గదిలోకి వెళ్లి వాటిని చూసింది. తాను బతకకపోతే అందేలా భర్తకూ కొడుకుకూ నాలుగు మాటలు రాసి పెట్టింది. తర్వాత నల్లటి దుస్తుల్లో ఏడుగురు మగవాళ్లు చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చారు. ముఖం మీద పలచని చేతిగుడ్డ కప్పారు. ఆ గుడ్డలోంచి చుట్టూ నిలబడ్డ మనుషులూ, మెరిసే కత్తీ ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. కట్టు కట్టడంతో కలిపి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇదంతా ఆమె ఇంగ్లండులో ఉన్న అక్క ఎస్తర్‌కు 1812లో నెలల తరబడి రాసిన ఉత్తరంలో ఉంది. రాసింది తిరిగి చదువుకునే శక్తి కూడా ఆమెకు లేకపోయింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌ను రోగే స్వయంగా రాసిన రచనల్లో ఇంతకు మించింది నేను చదవలేదు. అయితే తులనలో నన్ను పట్టి నిలిపింది ఆ ఉత్తరంలోనే భర్త తన చేతివ్రాతతో చేర్చిన కొన్ని వాక్యాలు. ఆ రోజు ఏడు గంటల పాటు తాను పడ్డది చెప్పడానికి మాటలు లేవని ఆయన రాశాడు. అంటే దాచిపెట్టి ఆమె ఆయన్ని బాధ నుంచి తప్పించలేదు. ఆ బాధ పడేటప్పుడు పక్కన ఉండే వీలు మాత్రమే తప్పించింది.

అయినా ఆమెను తప్పు పట్టలేను. భర్త ఎదురుగా ఉంటే తన నొప్పితో పాటు ఆయన నొప్పీ మోయాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. మన ఆడవాళ్లు "ఆయన తట్టుకోలేడు" అంటారు చూడండి, అందులో ఉన్న సంగతి ఇదే. రోగి పక్కన కూలబడి ఏడ్చే భర్తను ఓదార్చడం రోగికి ఇంకో పని. ఈ ముక్క మగవాళ్లు వినాలి. భార్య మన దగ్గర ఏదైనా దాస్తోందంటే, మన కంగారు చూసి ఆమె భయపడిందని అర్థం.

దాచడాన్ని మనవాళ్లు ఎంతగా మెచ్చుకుంటారో చెప్పడానికి 'ప్రేమాభిషేకం' చాలు. 1981లో దాసరి నారాయణరావు తీసిన ఆ సినిమాలో అక్కినేని పాత్ర తనకు క్యాన్సరని తెలిసి, ప్రేమించిన అమ్మాయికి చెప్పడు. ఆమెకు తన మీద అసహ్యం పుట్టేలా నటించి, ఇంకొకరిని పెళ్లి చేసుకునేలా చేస్తాడు. అది త్యాగమని తెలుగుదేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. బర్నీ ఉత్తరం పక్కన పెట్టి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. బర్నీ దాచింది ఒక్కరోజు. తర్వాత అంతా రాసింది, భర్త చదివాడు, తన మాటా అందులోనే రాశాడు. సినిమాలో ఆ అమ్మాయికి నిజం తెలిసేసరికి ఆమె చేయగలిగింది ఏమీ మిగలదు. ఏం చేయాలో తేల్చుకునే హక్కు ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడని మనకు ఒక్క పాటలోనూ అనిపించదు. ఆ సినిమా మీద నాకూ ఇష్టం ఉంది. కానీ ఆసుపత్రి వరండాల్లో దాన్ని నిజ జీవితంలో అనుసరించేవాళ్లను చూశాక, ఆ త్యాగాన్ని మునుపటిలా మెచ్చుకోలేకపోతున్నాను.

ఇక ఫోర్డ్ దంపతులు. ఆయన అధ్యక్షుడై రెండు నెలలైనా కాలేదు. మామూలు పరీక్షకు వెళ్లిన బెట్టీ రొమ్ములో గడ్డ ఉన్నట్టు బెథెస్డా నౌకాదళ ఆసుపత్రి వైద్యులు గుర్తించారు. రెండు రోజుల్లో కుడి రొమ్ము తీసేశారు. ఆ రోజుల్లో పత్రికల్లో రొమ్ము అనే మాట అచ్చు వేయడానికే వెనకాడేవారు. అలాంటిది అధ్యక్షుడే చెప్పాడు, అధికార నివాసమూ దాచలేదు. దేశమంతా ఆడవాళ్లు పరీక్షలకు వరస కట్టారు. కొద్ది వారాల్లోనే, ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన నెల్సన్ రాక్‌ఫెల్లర్ భార్య తనకు తానే పరీక్షించుకుని గడ్డ కనిపెట్టి ఆపరేషన్ చేయించుకుంది. ఆ ఏడాది అమెరికాలో కొత్తగా బయటపడిన రొమ్ము క్యాన్సర్ల సంఖ్య ఒక్కసారిగా పెరగడం గణాంకాల్లోనే కనబడుతుంది. జబ్బు పెరిగి కాదు, పరీక్ష చేయించుకున్నవాళ్లు పెరిగి. ఒక భర్త నోరు విప్పినందుకు ఎంతమంది బతికి ఉంటారో!

ఇక్కడితో ఆపితే ఫోర్డ్‌కు మార్కులన్నీ వేసేయొచ్చు. కానీ ఇంకో సంగతి ఉంది. అప్పట్లో పద్ధతి ఏమిటంటే, మత్తు ఇచ్చి గడ్డ ముక్క తీసి పరీక్షించేవారు. క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్మంతా తీసేసేవారు. కళ్లు తెరిస్తే గాని ఉందో పోయిందో ఆమెకు తెలియదు. అదే ఏడాది ఆ జబ్బు వచ్చిన రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు దీని మీద పోరాడింది. ముందు ముక్క పరీక్ష, తర్వాత రోగితో మాట్లాడటం, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నది ఆమె వాదన. బెట్టీకి ఆపరేషన్ అని తెలిసి కుష్నర్ అధికార నివాసానికి ఫోన్ చేసింది. అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నారని జవాబొచ్చిందట. ఆ జవాబు చదివినప్పుడు నాకు మా వైపు ఆసుపత్రి బెంచీ గుర్తొచ్చింది. దేశానికంతటికీ చెప్పగలిగిన ఇంట్లో కూడా, బయటివాళ్ల నోట నిర్ణయం భర్తదే అయింది. బర్నీ భర్తకు చెప్పలేదు గాని, తన ఒంటి మీద నిర్ణయం తానే తీసుకుంది. కుష్నర్ వాదన 1979లో అమెరికా వైద్య నిపుణుల సమావేశంలో నెగ్గింది.

బెట్టీ 1978లో రాసుకున్న 'ద టైమ్స్ ఆఫ్ మై లైఫ్' సాహిత్యంగా బర్నీ ఉత్తరం దరిదాపుల్లోకి రాదు. సూటిగా, తేలిగ్గా సాగే ఆత్మకథ అది. కానీ భర్త ఆసుపత్రిలో ఎలా ఉండాలో చూపించే దృశ్యం ఫోర్డ్ దంపతుల దగ్గరే దొరుకుతుంది. ఆపరేషన్ అయిన వారానికల్లా ఆసుపత్రి వరండాలో బెట్టీ గౌను మీదే నిలబడి, ఒక జట్టువాళ్లు సంతకాలు చేసి పంపిన ఫుట్‌బాల్‌ను భర్త వైపు విసురుతున్న ఫొటో ఉంది. చంక కింద గ్రంథులు కూడా తీసేసిన ఆపరేషన్ తర్వాత చెయ్యి పైకి లేవదు. కదిలించకపోతే భుజం బిగుసుకుపోతుంది. రోజూ కొంచెం కొంచెం లేపుతూ అలవాటు చేయాలి. అమెరికా అధ్యక్షుడికి ఆ క్షణంలో ఉన్న పనల్లా ఆ బంతి పట్టుకోవడం. కన్నీళ్ల ప్రసంగం కన్నా నాకు ఆ ఫొటో ఎక్కువ.

అసలు ప్రశ్న యర్రగొండపాలెంలో ఎలా ఉంటుందో చూద్దాం. 1976లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం మొదలుపెట్టిన పరీక్షలు, తొలి దశ జబ్బులో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్మంతా తీసేసినంత ప్రాణరక్షణే ఉంటుందని తేల్చాయి. అంటే చాలామంది ఆడవాళ్లకు ఎంచుకునే వీలుంది. కానీ ఆ రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదారు వారాలు ఇవ్వాలి. మాకు ఆ యంత్రం ఉన్న ఊరు గుంటూరో, హైదరాబాదో. వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరుకు రోజూ పోయి రావడం కుదిరే పని కాదు, అక్కడే ఉండాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో వచ్చిన క్యాన్సర్ విభాగం ఉంది. హైదరాబాదులో, 1985లో క్యాన్సర్‌తో పోయిన ఎన్టీఆర్ భార్య బసవతారకం పేర 2000లో మొదలైన ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ వైద్యసేవ కార్డూ ఉంది. లేనిది ఏమిటంటే, అన్ని వారాలు ఇల్లు వదిలి ఆమె పక్కన ఉండే మనిషి. గేదెను ఎవరు చూస్తారు, పత్తికి మందు ఎవరు కొడతారు అన్న లెక్కలో, "మొత్తం తీసేయించుకుంటే పోలా, తిరుగుడు తప్పుద్ది" అన్న మాట వస్తుంది. మొత్తం తీసినా కొందరికి రేడియేషన్ తప్పదన్నది వేరే సంగతి. ఆ మాట చాలాసార్లు ఆమే అంటుంది. ఆమె అన్నంత మాత్రాన అది ఆమె ఎంపిక అనుకోవడం పొరపాటు. మొగుడు "నేను గుంటూరులో గది తీసుకుంటా, నువ్వు ఏది కావాలో చెప్పు" అన్నాక ఏమంటుందో, అది ఆమె ఎంపిక. నా దృష్టిలో భర్త తోడు అంటే ముందుగా ఇదే. ఆమె ముందు రెండు దారులుండేలా చూడటం.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, మిరప రైతు. భార్యకు కీమో మొదలైనప్పుడు గోడ క్యాలెండర్ మీద సెలైన్ ఎక్కించిన తేదీకి సున్నా చుట్టాడు. అక్కడి నుంచి మళ్లీ ఎక్కించే ఇరవై ఒకటో రోజుకు ఇంకో సున్నా. ఆ రెండింటి మధ్య, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఎర్ర గీత. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయే రోజులవి. ఆ గీత ఉన్నన్నాళ్లూ చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపేవాడు. "చూసి పోదామని వచ్చాం బావా" అంటే, "చూడాలంటే ఆదివారం రా, ఇయ్యాల వద్దు" అనేవాడు, మొహమాటం లేకుండా. పల్లెలో ఈ మాట అనడం ఎంత కష్టమో అన్నవాళ్లకే తెలుస్తుంది. నోరు పూసి కారం తగిలితే ఆమె విలవిల్లాడుతుంటే, మిరపకాయ లేని కూర వండటం నేర్చుకున్నాడు. మా వైపు మగవాడు ఆ వయసులో పొయ్యి దగ్గరికి పోవడం సామాన్యం కాదు. ఆపరేషన్ తర్వాత చంక దగ్గర పెట్టిన గొట్టంలోంచి సంచిలోకి దిగే నీరు పొద్దునా సాయంత్రం కొలిచి, కాగితం మీద వేసేవాడు. జుట్టు రాలడం మొదలైనప్పుడు మాత్రం ఆయన ఏమీ మాట్లాడలేదట. ఆమె అడిగితే మంగలిని ఇంటికే పిలిపించాడు. ఆ జుట్టు తీసేటప్పుడు గదిలో ఉండమందో, బయటికి పొమ్మందో నేను అడగలేదు. అది వాళ్లిద్దరి సంగతి.

అన్నిటికన్నా నాకు నచ్చింది డాక్టరు గది. ఆమె అడగాలనుకున్నవన్నీ కూతురు చేత కాగితం మీద రాయించుకుని, తానే చదివి అడిగింది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని విన్నాడు. బర్నీకి ఉన్న నిర్ణయం, ఫోర్డ్‌కు ఉన్న నోరు రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

ప్రేమ ఉన్నా దారి తప్పే వీలుందని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మాజీ క్రికెటర్, రాజకీయ నాయకుడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ 2024 నవంబరులో, తన భార్య రొమ్ము క్యాన్సర్ నయం కావడంలో వేప, పసుపు, నిమ్మ, ఉపవాసాల పాత్ర గురించి పత్రికల వాళ్లకు చెప్పాడు. ఆమెకు శస్త్రచికిత్స, కీమో కూడా జరిగాయి. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేస్తున్న, చేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు వెంటనే ప్రకటన ఇచ్చారు. ఆ పదార్థాలు క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి ఆధారం లేదని, చికిత్స ఆపొద్దని, ఆలస్యం చేయొద్దని కోరారు. భార్య కోసం ఆ మనిషి తపించలేదని నేననను. కానీ భర్త గొంతుకు ఫోర్డ్ నాడు ఎంత బలముందో, సిద్ధూ నాడూ అంతే బలముంది. నల్లమల అంచున ఆకు పసరు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్న మా ఊళ్లలో ఆ మాట ఎన్ని ఇళ్లలో ఎన్ని నెలల ఆలస్యానికి దారితీస్తుందో తలుచుకుంటే భయమేస్తుంది. దీనికి విరుగుడుగా మనకు గౌతమి ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన ఈ నటి ముప్పై అయిదేళ్ల వయసులో తన చేత్తో తానే గడ్డ కనిపెట్టి, చికిత్స చేయించుకుని, ఇన్నేళ్లుగా ఆ మాట బహిరంగంగా చెబుతూనే ఉంది.

తులన చివర తీర్పు చెప్పమంటే, రచనగా బర్నీదే పైచేయి, అందులో రెండో మాట లేదు. ధైర్యంగా కూడా ఆమెదే. కానీ అనుసరించదగ్గ దాంపత్యం ఎవరిదంటే మాత్రం, ఫోర్డ్ దంపతుల బంతాటను తీసుకుని, వాళ్ల నిర్ణయ పద్ధతిని వదిలేస్తాను. బర్నీ దాచిన ఉదయాన్ని వదిలేసి, భర్త ఎన్ని నెలలైనా వదలకుండా పెట్టిన పోరును తీసుకుంటాను. ఆపరేషన్ తర్వాత ఆమె ఇరవై ఎనిమిదేళ్లకు పైగా బతికి, 1840లో పోయింది. ఆమెకు వచ్చింది నిజంగా క్యాన్సరేనా అని నేటి వైద్యుల్లో కొందరికి అనుమానముంది. దార్బ్లే ముందే, 1818లో, బాత్ నగరంలో క్యాన్సర్‌తోనే చనిపోయాడు. ఆ జబ్బులో ఆయనకు సేవ చేసింది ఆమె. ఆ రోజుల గురించీ విడిగా రాసింది. ఈసారి ఆమె ఆ గదిలోనే ఉంది. బెట్టీ 2011 దాకా, తొంభై మూడేళ్లు బతికింది.

యర్రగొండపాలెం నుంచి గిద్దలూరు దాకా ఈ వ్యాసం చదివే మగవాళ్లకు నా మనవి ఇది. మీ ఇంటామె గడ్డ ఉందంటే కోతల దాకా ఆగొద్దు, ఈ వారమే చూపించండి. డాక్టరు గదిలోకి ఇద్దరూ కలిసి పోండి, ప్రశ్నలు ఆమెను అడగనివ్వండి. కీమో నడుస్తున్నప్పుడు ఒళ్లు కాలుతుంటే మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ఆ ఫోన్ నంబరు ఇవాళే రాసి గోడకు అంటించుకోండి.